మెట్ల లెక్క

కార్పొరేషన్ పటంలో మా కొండ
ఒక పచ్చరంగు ముద్ద.
చిట్టినగర్ దాకా రోడ్లున్నాయి, ఆపైన గీతే లేదు.

బయటి సంస్థ డబ్బుతో అంబులెన్సు వచ్చింది,
కొత్తది, తెల్లగా.
కింద సోడాబండి దగ్గరే ఆగిపోయింది.
నూట ఎనభై ఆరు మెట్లు
ప్లాస్టిక్ కుర్చీలో దించాం సలోమిని.
నొప్పుల మధ్య తనే లెక్కపెట్టింది.

తర్వాత వాళ్లే వచ్చి అడిగారు, ఏం కావాలని.
ఆసుపత్రి అంటామనుకున్నారేమో.
సలోమి బిడ్డను చంక మార్చుకుని
"పట్టుకోడానికి ఓ ఇనపకమ్మీ.
సగంలో కూలబడ్డానికి ఇంత చప్టా.
అక్కడో కుళాయి" అంది.

ఇంజనీరు పిల్ల పెన్సిలు తీసి
పచ్చరంగు మీద
మెట్లు గీయడం మొదలెట్టింది.

"నలభయ్యోది విరిగిందమ్మా,
అట్టాగే గీయి"
అన్నాడు నీళ్లు మోసే నాంచారయ్య,
బిందె దించకుండానే.