కొత్తిమీర ఎక్కువ

నేనుండేది తొమ్మిదో అంతస్తు.
వీధి గుమ్మం ఎనిమిదో అంతస్తులో ఉంది.
పొరపాటు కాదు, ఇది చోంగ్‌చింగ్.
ఇక్కడ నేల ఎక్కడుందో
ఎవరూ ఖాయంగా చెప్పరు.

ఫ్యాక్టరీ బస్సు మాత్రం అడుగున, నది ఒడ్డున ఆగుతుంది.
రెండు వందల పదకొండు మెట్లు.
పొద్దున ఆరున్నరకి మంచులో దిగుతుంటే
నా పాదాలు నాకే కనిపించవు.
వాసన ముందు కనిపిస్తుంది.
మరిగే నూనెలో ఎండుమిరప,
దాని వెనకాల ఇంకేదో,
నలిపిన నిమ్మతొక్క లాంటిది.

నూట ముప్పయ్యో మెట్టు మీద
రాన్ షూచిన్ నూడుల్స్ కొట్టు.
కొట్టంటే గోడకి ఆనించిన పొయ్యి,
నీలం ప్లాస్టిక్ స్టూళ్లు.
ఎత్తువి బల్లలు, పొట్టివి కుర్చీలు.
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని
అందరూ గిన్నెల్లోకి వంగి జుర్రుతుంటారు.
చిన్నప్పుడు చారు జుర్రినందుకు తిన్న మొట్టికాయలు
ఇక్కడ తిరిగి వసూలు చేసుకుంటున్నాను.

మొదటి రోజు వేళ్లు చూపించి అడిగింది,
కారం కొంచెమా, బాగానా అని.
మాది ఖమ్మం, మిర్చి యార్డు వెనక వీధి, అన్నాను
తెలుగులోనే.
నవ్వలేదు. గరిటె నిండా వేసింది.

నన్ను పడగొట్టింది కారం కాదు.
నాలుక తిమ్మిరెక్కింది.
మనకి తిమ్మిరి కాళ్లకే కదా,
పంక్తిలో ఎక్కువసేపు కూర్చుంటే.
నాలుక మీద చీమల బారు నడుస్తుంటే
దాన్నీ రుచి అనుకోవడానికి
నెలన్నర పట్టింది.
ఆ తర్వాత అది లేని తిండి
కరెంటు పోయిన ఇల్లులా ఉంది.

ఇంజన్ల టెస్టింగ్‌లో నా పక్క బెంచీ షియాంగ్ బో
ఓ శుక్రవారం హోటల్‌కి తీసుకెళ్లాడు.
ఎర్రటి పులుసులో వణుకుతున్న ముక్కల్ని
నా ముందుకి నెట్టి,
బాతు నెత్తురు, అని ఫోనులో చూపించి,
నా మొహం చూస్తూ కూర్చున్నాడు.
బల్ల చుట్టూ చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.
ఏం చెప్పను,
మా నాయనమ్మ ఆదివారాలు నల్ల వేయించి
అన్నంలో కలిపి ముద్దలు పెట్టేదని?
రెండో ముక్క నేనే అడిగాను.
పాపం, కాస్త నిరాశపడ్డాడు.

జలుబా, వేడినీళ్లు తాగు.
నడుం నొప్పా, వేడినీళ్లు.
జీతం ఇంకా పడలేదని చెప్తే
సూపర్‌వైజర్ థర్మాస్ మూత తిప్పాడు.
అదీ జూలైలో.

షూచిన్ మామగారు, పెంగ్ తాత,
కొట్టు పక్కన వెదురు కర్రతో కూర్చుంటాడు.
కర్రకి రెండు తాళ్లు. మన కావడే.
ఈ మెట్ల మీద ఫ్రిజ్‌లు ఎక్కించాడట.
అవతల వీధికి ఎస్కలేటర్ వచ్చాక
బేరాల్లేవు.
తిన్నావా, అంటాడు రోజూ,
గిన్నె నా చేతిలో ఉండగానే.
మా భాషలోనూ ఇంతే కాబట్టి
ఆ ఒక్క వాక్యం
ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఓ పొద్దున తిన్నాక చూస్తే ఫోను చచ్చిపోయి ఉంది.
జేబులో కాగితం డబ్బు పెట్టుకుని ఏడాదైంది.
పొమ్మని చెయ్యి ఊపి
గోడకి వేలాడే పుస్తకంలో ఏదో గీకింది.
నా పేరు ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.
మరి ఏమని రాసింది?
మర్నాడు బాకీ కట్టి, పేజీ ఫొటో తీసి
షియాంగ్ బోకి చూపించాను.
బెంచీ మీద చరిచి చరిచి నవ్వాడు.

'కొత్తిమీర ఎక్కువ. తొమ్మిది యువాన్లు.'

వాళ్లకీ మనకిలాగే ఇంటిపేరు ముందొస్తుంది.
ఆ లెక్కన ఇంటిపేరు కొత్తిమీర,
పేరు ఎక్కువ.
బాగానే ఉంది. ఆధార్ కార్డులో కూడా
నా పేరు ఇంత సరిగ్గా పడలేదు.

నా పై వరుసలో 'పచ్చ స్కూటరు', కొట్టేసి ఉంది.
కింది వరుసలో 'బఠాణీ వద్దు', పన్నెండు యువాన్లు.
దాని మీద గీత లేదు.
పక్కనున్న తేదీకి రెండు నెలలు.
తర్వాత పేజీలు తిరిగిపోయాయి,
ఆమె ఎవర్నీ ఏమీ అడిగినట్టు లేదు.

ఈ మధ్య దిగేటప్పుడు
నూట ముప్పయ్యో మెట్టు దగ్గర కాస్త నెమ్మదిస్తాను.
బస్సు హారన్ కొడుతూనే ఉంటుంది కింద.
వంగిన తలల మధ్యనుంచి చూస్తాను,
బఠాణీల్లేని గిన్నె
ఎవరి ముందైనా ఉందేమోనని.