రెండో వైపు

అల్ రాయ్ శుక్రవారం సంతలో
విరిగిన మిక్సీలకూ ఒంటి చెప్పులకూ మధ్య
వంద ఫిల్సులకు దొరికింది ఈ క్యాసెట్.
అమ్మినవాడు మొయినుల్, బంగ్లా మనిషి,
"ఇది పాడదు, ఊరికే మోగుతుంది" అన్నాడు ముందే,
తర్వాత గొడవ రాకుండా.

అట్ట మీద ఒక మెట్ల దారి, పసుపు రంగు కమ్మీ,
మనిషి లేడు.
పేరులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలు.
ఎట్లా పలకాలో తెలీక
దాన్ని చుక్కలది అంటాను.

ఇరవై మూడేళ్లుగా నా పని వినడం.
షువైఖ్‌లో, ఫర్వానియాలో, మేడల మీద
కంప్రెసర్ ఒంటికి స్క్రూడ్రైవర్ మొన ఆనించి
పిడి చెవికి పెట్టుకుని
లోపల ఏది అరిగిందో చెబుతాను.
బేరింగ్ ఏడుపు వేరు, గ్యాసు తగ్గిన దగ్గు వేరు.
అంతకు ముందు మూడేళ్లు
మంగంపేట గనిలో క్రషర్ పక్కన.
అందుకే ఆ జర్మనీ వాళ్ల డ్రమ్ము మొదలు కాగానే
పాటనుకోలేదు.
ఎవరో మోటారు సరిగ్గా బిగించారనుకున్నాను.

ఒకే దెబ్బ. మళ్లీ అదే దెబ్బ.
మా వైపు పలక కొట్టేవాడైతే ఈ పాటికి
నాలుగు మలుపులు తిప్పి, ఈలలేయించుకుని,
చొక్కాకు పది నోట్లు గుచ్చించుకునేవాడు.
వీడికి ఎవరి మెప్పూ అక్కర్లేదు.
గిటారు వచ్చి గోడకానుకుని నిలబడుతుంది.
పాడేవాడు పాడడు. అంకెలు చదువుతాడు,
గోదాములో సామాను లెక్క రాయించేవాడిలా.
మధ్యలో ఒకసారి దగ్గుతాడు.

"ఫ్యూజు ఎగిరిపోయిందా ఏమి దీనికి?"
అంటాడు పై మంచం మీద ఓబులేసు.
మస్తాన్‌వలి ఏమీ అనడు.
ఒకరోజు బెండకాయలు తరుగుతూ
కత్తిని సరిగ్గా అదే వేగానికి తెచ్చాడు.
తనకు తెలీదు.

సాల్మియా టవర్లో కొత్త చిల్లర్ పెట్టడానికి
డెట్లెఫ్ అని జర్మన్ ఇంజనీరు వచ్చాడు,
తెల్ల కనుబొమల మనిషి.
టిఫిన్ డబ్బా పక్కనుంచి తీసి చూపించాను.
"వీళ్ల రెండోది వినాలి, ఊరంతా అదే మెచ్చింది.
ఇది ఐదోది. ఎవరూ కొనలేదు."
కాసేపాగి, "నేనూ కొనలేదు" అన్నాడు.
పేరు పలికాడు. నాకు నోరు తిరగలేదు.
అర్థమడిగితే,
స్టవ్ ఆపేశాక కూడా మిగిలుండే వేడి అట.

అది నాకెందుకు తెలీదు?
రాత్రి పదకొండుకూ మేడ గచ్చు వదలని వేడి.
దాన్నే గదా నేను బతుకంతా బయటికి తోలేది.

రెండో వైపు పదిహేడు నిమిషాలూ ఒకటే నడక.
తొమ్మిది దాటాక
డ్రమ్ము వాడు ఒక్క దెబ్బ తప్పుతాడు.
చెయ్యి పట్టేసిందో, తలుపు తీసుకుని ఎవరైనా వచ్చారో.
ఒక్క దెబ్బంత ఖాళీ.
మిగతావాళ్లు ఆగరు,
వాడి చోటు వాడికే ఉంచి నడుస్తారు,
వాడు పరిగెత్తుకొచ్చి కలుస్తాడు.

నా పనిలో ఆ చప్పుడు వింటే మెషీను ఆపేస్తాను.
కాగితం మీద 'మార్చాలి' అని రాస్తాను.
వాళ్లు దాన్ని చెరపకుండా ఉంచేశారు.
ఇదంతా డెట్లెఫ్‌కు చెప్పాలనుకున్నాను,
నా అరబ్బీ, ఆయన ఇంగ్లీషు
అంత దూరం పోవు.

ఆగస్టులో పికప్ అద్దం వెనక మరిచిపోయాను.
రీలు కాస్త సాగింది.
ఇప్పుడు పన్నెండో నిమిషంలో ఇంకో తడబాటు.
మొదటిది వాడిది, ఇది కువైట్ ఎండది.
ఏది ఎవరిదో నాకు తప్ప
మొయినుల్‌కు కూడా తెలీదు.

నిన్న రాత్రి లైటార్పి
చప్పుడు బాగా తగ్గించి పెట్టుకున్నాను.
పై మంచం చీకట్లోంచి ఓబులేసు:
"ఆ తప్పేది అయిపోయిందా,
ఇంకా రావాల్నా?"