స్టీలు గ్లాసులో ఫోను

మంగాఫ్‌లో మా బడి, మూడో అంతస్తు,
ఒకటో తరగతి, సి సెక్షను.
స్మార్టు బోర్డు వేసవి సెలవులప్పటినుంచీ
నల్లగా నిలబడి ఉంది.
బాగుచేసేవాడు రేపొస్తానంటాడు,
ఆ రేపుకి తేదీ లేదు.

అందుకని మా ఆయన పాత ఫోను తెచ్చాను.
ఓ మూల పగిలింది. సిమ్ము లేదు.
ఛార్జింగు మధ్యాహ్నం నమాజు పిలుపు దాకా ఆగదు.
రికార్డరు పనిచేస్తుంది, చాలు.
శబ్దం సరిపోకపోతే
క్యారేజీతో తెచ్చుకున్న స్టీలు గ్లాసులో నిలబెడతాను,
మజ్జిగ గ్లాసే మైకు.

గురువారం సాయంత్రం దాన్ని గుడ్డసంచిలో పెట్టి
వంతులవారీగా ఇంటికి పంపిస్తాను.
మీ ఇంట్లో ఒక చప్పుడు పట్టుకురండి,
దాని సంగతి ఇంగ్లీషులో చెప్పండి,
అదే హోంవర్కు.

జుబిన్ కుక్కరు తెచ్చాడు, మూడు విజిళ్ళు,
వన్, టూ, త్రీ, లెక్కతో సహా.
దినితి లిఫ్టు తలుపు తెచ్చింది,
"ది లిఫ్ట్ ఈజ్ యాంగ్రీ" అంది.
దిద్దలేదు. ఆ లిఫ్టు నాకూ తెలుసు.
హర్నూర్ బాల్కనీ పావురాన్ని తెస్తానంది గాని
పావురం నోరు విప్పలేదు,
నాలుగు నిమిషాలు ఇసుక గాలి విన్నాం.

ఇక గౌసియా.
రాయచోటి పిల్ల. పెదవులు కదులుతాయి, మాట బయటికి రాదు.
లౌడర్, లౌడర్ అని ఏప్రిల్లో అన్నాను,
సెప్టెంబరులోనూ అన్నాను.
రిపోర్టు కార్డులో ఎర్రసిరాతో రాశాను:
ఆత్మవిశ్వాసం తక్కువ.

ఆదివారం తన చప్పుడు విన్నాం.
మీట నొక్కితే ఏమీ లేదు. ఏసీ హోరు.
గ్లాసులో పెట్టాను.
ఇరవైయేడు తలలు ఒక గ్లాసు చుట్టూ.
హోరు కింద ఇంకేదో,
లోతుగా, తెగి తెగి. గురక.
దాని పక్కన అగ్గిపుల్ల గీసినంత గొంతు:

"మై ఫాదర్ ఈజ్ స్లీపింగ్.
నైట్ హి డ్రైవ్స్ వాటర్ ట్యాంకర్.
వన్ రూమ్. మై మదర్ ఈజ్ కుకింగ్ స్లోలీ.
ఐ యామ్ టాకింగ్ లైక్ దిస్."

స్లోలీ తప్పు.
కాని మన 'మెల్లగా'లో తొందరపడకపోవడమూ ఉంది,
గిన్నె చప్పుడు కాకపోవడమూ ఉంది.
ఇంగ్లీషుకి రెండు మాటలు కావాలి పాపం.

ఈజ్ పక్కన ఇంగ్,
రెండు వారాలు సుద్దలు అరగదీసినా ఎక్కని పాఠం
ఒక గురకతో ఎక్కింది.
అది నాకు తర్వాత తట్టింది.
ముందు తట్టింది ఎర్రసిరా.

జుబిన్ గుసగుసగా అడిగాడు:
"మిస్, ఈజ్ హి స్టిల్ స్లీపింగ్?"
గడియారం చూశాను. పదిన్నర.
"యెస్" అన్నాను, నేనూ గుసగుసగానే.
ఆ పీరియడంతా ఎవరూ గొంతెత్తలేదు.
కుర్చీని కూడా ఎత్తి జరిపారు.
పక్క క్లాసు టీచరు తలుపు తోసి
పిల్లలు లేరనుకున్నానంది.
గౌసియా పెదవులమీద వేలుంచుకుని
ఆవిడ దాకా నడిచి వెళ్ళి
ఏదో చెప్పింది. నాకు వినపడలేదు.
ఆవిడ మాత్రం తలుపు మెల్లగా వేసి వెళ్ళింది.

కార్డులో మాట మార్చాలని ఆఫీసుకెళ్తే
అందుకు ఫారం లేదన్నారు.
ఫోను ఛార్జింగు అయిపోయింది.
గ్లాసు కడిగి మజ్జిగ పోసుకున్నాను.