నలభై అడుగులు

బోర్డు మీద సుద్దముక్కతో ఒక మనిషి,
తల మీద ఒక చతురస్రం.
బలం పైకి, నడక అడ్డంగా,
రెండింటి నడుమ మూలమట్టం పెట్టి చెక్కినట్టు లంబకోణం.
“కాబట్టి ఇతను చేసిన పని సున్న,” అంది కృపావతి టీచర్.
మూడో బెంచీలో నేను సున్న రాసుకుని
ఎందుకో దాన్ని రెండోసారి దిద్దాను.

ఆదోని మార్కెట్ యార్డులో
కాటా నుంచి లారీ దాకా నలభై అడుగులు.
మెడ మీద గోనె మడత, వీపున శెనక్కాయల మూట,
మా నాయన ఉసేనప్ప రోజంతా గీసే అడ్డగీత అది.
సుద్దమనిషికి చెమట పట్టదు.

ఎత్తిందానికైనా లెక్క ఉంది కదా అని కూర్చున్నా.
మూట నలభై కిలోలు,
భూమి లాగే లాగుడు నాలుగొందల న్యూటన్లు,
లారీ ఎత్తు ఒకటింబావు మీటరు.
మూటకు ఐదొందల జౌళ్లు. ఇన్నూరు మూటలకు
లక్ష!
“జౌళా? ఏ అంగట్లో?” అంది అమ్మ.
మా ఇంట్లో లక్ష అనే మాట
అప్పు గురించి కాకుండా పలికింది అదే మొదటిసారి.

తర్వాత దాన్ని కేలరీల్లోకి మార్చాను.
మార్చకుండా ఉండాల్సింది.
పొద్దున మిరపకాయ బజ్జీతో తిన్న ఉగ్గానిలో
రెండు బుక్కలు.

రాత్రి చెప్పాను.
కాళ్లు గోడకు ఆనించి పండుకుని విన్నాడు.
“నడిసిందానికి ల్యాకపోతే ల్యాకపాయలే.
లారీ యాడ నిలబెట్టినా మూటకు ఒకటే కూలి.
సేటు ఈ పాఠం మీ టీచర్ కన్నా ముందే సదివినాడు.”
కాసేపాగి, “మరి దించేటప్పుడు?” అన్నాడు.
మనం పట్టేది పైకి, మూట పోయేది కిందికి,
దాన్ని రుణాత్మక పని అంటారు నాయనా.
“రుణమా,” అని పక్కకు తిరిగి నవ్వినాడు,
“అది నాకు సెప్పాల్నా.”

మెడ వెనక ఆముదం రాస్తుంటే
గోనెపీచు అచ్చు పడిన చోట
అప్పుడే దించిన గిన్నెలా కాగుతోంది చర్మం.
కాటా ఖాళీ కాక, మూటతో కదలకుండా నిలబడ్డ నిమిషాలు,
కండ లోపల సన్నగా వణికిన వణుకు,
సున్నలో పట్టనిదంతా అక్కడికొచ్చి చేరినట్టుంది.
ఎడమ చేత్తో పుస్తకం తిరగేశాను.
ఉష్ణం పాఠం ఇంకా పదకొండు పేజీల అవతల.

“లైటు ఆర్పు పాపా,” అన్నాడు,
“మూడింటికి గుంతకల్లు లారీ ఉండాది.”