కుచ్చులు

తెల్లారకముందే తడి.
గాల్వా దాటాక మొక్కజొన్న మా తలలకంటే ఎత్తు.
ఆకుల అంచులు ముంజేతుల్ని ఎక్కడెక్కడ కోశాయో
రాత్రి సబ్బునీళ్లు తగిలితే తెలిసేది.

నాలుగు ఆడ సాళ్లు, ఒక మగ సాలు,
మళ్లీ నాలుగు ఆడ.
ఆడ సాలులో తలెత్తిన ప్రతి కుచ్చునీ
విచ్చుకోకముందే గుప్పిట పట్టి పైకి లాగాలి.
కీచుమని ఊడొచ్చేది.
పారేసి, తొక్కుకుంటూ పోవడమే.
"ఒక్కటి వదిలినా సాలంతా అబద్ధం" అనేది సిగ్నె.
మేం చివరికి చేరి నీళ్లు తాగుతుంటే
తను మాత్రం అదే సాలులో వెనక్కి నడిచేది.

అది డెబ్బై ఒకటి. నాకు పధ్నాలుగు.

అంతకుముందు కొన్నేళ్లు ఈ పనే లేదు.
విత్తనాల కంపెనీ టెక్సాస్ నుంచి ఒక తల్లిని తెచ్చింది.
ఆ తల్లి సంతానానికి కుచ్చు వస్తుంది, పొడి రాదు;
దులిపితే గాలి కూడా పసుపెక్కదు.
ఆ గుణం కేంద్రకంలో లేదు,
దాని చుట్టూ ఉండే జిగురులో ఉంది.
తండ్రి ఎవరైనా తల్లి ఇచ్చిందే చెల్లుతుంది.
రైతు పొలంలో మళ్లీ పుప్పొడి రాలాలంటే
ఇంకో జన్యువు కావాలి, తండ్రి వైపు నుంచి.
తాళం అమ్మది, చెవి నాన్న జేబులో.

పీకే చేతులతో పనిలేదన్నారు.
సిగ్నె తన పాత స్కూలు బస్సుని కొట్టం వెనక నిలిపి
అందులో కోళ్లు పెంచుకుంది.

డెబ్బై వేసవిలో దక్షిణపు గాలితోపాటు తెగులు వచ్చింది.
ఆకుల మీద కోలగా, ఎండుగడ్డి రంగు మచ్చలు.
పొట్టు వలిస్తే కంకి నిండా మసి.
మా నాన్న వేలితో రాసి చూసి
ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఏమీ అనలేదు.
మా పొలం, ఆర్విడ్ పొలం, వాగు అవతలివి,
అన్నీ ఒకే తల్లి పిల్లలు.
పుప్పొడి నోరు నొక్కిన ఆ కాస్త ప్రొటీనే
బూజుకి తలుపు తీసిందని
చాలా ఏళ్లకి చదువుకున్నాను.

ఫిబ్రవరిలో కంపెనీ నుంచి ఫోను:
"బస్సు ఉందా?"
"ఉంది. లోపల కోళ్లున్నాయి."

రెండ్రోజులు కడిగినా వాసన వదల్లేదు.
సీట్ల సందుల్లో ఈకలు.
జూలై పొద్దుట ముప్ఫై ఇద్దరం ముక్కులు మూసుకుని ఎక్కాం,
ఆమె గేరు మారుస్తూ నవ్వింది.
ఆమె గెలిచినట్టు కాదు.
ఆ ఏడాది ఆర్విడ్ పొలం అమ్మేశాడు.

ఇప్పుడు నా బల్లమీద స్లైడు,
పుప్పొడి మీద ఒక అయోడిన్ చుక్క.
నల్లబడ్డవి పనికొచ్చేవి,
పాలిపోయి ముడుచుకున్నవి కానివి.
లెక్కపెడతాను.
అంచుకి చేరాక
కాగితం మీద అంకె వేయను.
వెనక్కి నడుస్తాను, అదే సాలులో.