ఎవరి పిడికెడు

ఆ ఏడు వెదురు పూసింది.
మా మిజో కొండల్లో ఎవరూ చూడాలనుకోని పువ్వది.
పువ్వు వెనక కాయ, కాయ వెనక ఎలుకలు.
ఒక్క రాత్రిలో పోడు మొత్తం ఊడ్చేశాయి.
పొద్దున్నే వెళ్ళి చూస్తే
గడ్డి నిలబడే ఉంది, గింజే లేదు.
అన్న ఛువానా కొడవలి అక్కడే పడేసి
నవ్వాడు.
ఆ నవ్వంటే నాకిప్పటికీ భయం.

నాకప్పుడు ఏడేళ్ళు.
నాన్న మలేరియాతో పోయి రెండేళ్ళు.
ఇంట్లో మిగిలింది పాత వడ్లు, రెండు బుట్టలు.

ఎసట్లో బియ్యం పోసే ముందు
మా అమ్మ రోఖుమి ఒక పిడికెడు తీసి
పొయ్యి పక్కన రేకు డబ్బాలో వేసేది.
అది దేవుడి పిడికెడు.
ప్రతి ఇంట్లోనూ ఉంటుంది ఆ డబ్బా.
శనివారం పెద్దావిడ సాయ్‌ఖుమి
చర్చి సంచీతో గడప గడపా ఎక్కి పోయించుకుంటుంది.

ఆ ఏడాది డబ్బా అటకెక్కుతుందనుకున్నాను.
ఎక్కలేదు.
"ఎలుకలకి కూడా థాంక్స్ చెప్తావా?" అన్నాడు అన్న.
అమ్మ గిన్నె మూత తీసింది, చూసింది, మళ్ళీ పెట్టింది.
"ఎలుకల కోసం కాదురా.
ఎలుకలొచ్చాక కూడా."
అంతే. ప్రసంగం చెయ్యలేదు.
మొహం వెలిగిపోతోందని అబద్ధం చెప్పను,
ఆ పూట అమ్మ మొహం
నీళ్ళు చల్లి ఆర్పిన కట్టెలా ఉంది.

మా భాషలో సంతోషానికీ కృతజ్ఞతకీ
ఒకటే మాట, లోమ్.
కా లోమ్ ఎ అంటే
థాంక్స్ అన్నట్టూ, సంతోషంగా ఉన్నానన్నట్టూ.
మరి సంతోషం లేనివాళ్ళు ఏమనాలి?
అడిగాను.
"మాట ముందు వెళ్తుంది.
సంతోషం ముసల్ది, ఎత్తు ఎక్కలేదు,
ఆగి ఆగి వస్తుంది.
అది వచ్చేదాకా మనం తలుపు వెయ్యకూడదు."

బుట్టలో అడుగు కనబడ్డాక
ఒక సాయంత్రం నన్ను పిలిచి
"ఇవాళ్టి నుంచి నువ్వు తియ్యి" అంది.
నా పిడికిలెంత!
వేళ్ళ సందుల్లోంచి జారినవి జారగా
పిచ్చుక ఒక పూట తినేన్ని గింజలు.
అన్న పడీ పడీ నవ్వాడు, ఈసారి నిజం నవ్వు.
"దేవుణ్ణే మోసం చేస్తున్నావమ్మా!"
"పిడికెడన్నారు. ఎవరి పిడికెడో అనలేదు"
అంది అమ్మ.
పెదవి చివర ఏదో కదిలింది.

శనివారం డబ్బా వంచితే
సంచీలో చప్పుడే లేదు.
సాయ్‌ఖుమి నా చేతుల వంక చూసింది,
ఏమీ అడగలేదు.
కొండంతా తిరిగిన ఆ సంచీ
ఒక బక్క కోడిపెట్టంత కూడా లేదు.

మూడో నెల మా బుట్టలు బోర్లించాం.
అడవి దుంపలు తవ్వి తింటున్నాం.
ఒక రాత్రి అదే సంచీ మా గుమ్మంలోకి వచ్చింది.
ఎవరెవరి పిడికిళ్ళో, తెల్లవీ ఎర్రవీ,
కొన్ని పుచ్చినవీ.
అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే కడిగింది.
కడిగే ముందు
నా చేత అందులోంచి కూడా ఒక పిడికెడు తీయించింది.

ఇప్పుడు ఐజ్వాల్‌లో నర్సుని.
గ్యాస్ పొయ్యి, రేషన్ బియ్యం, అదే రేకు డబ్బా.
చెయ్యి పెద్దదైంది,
వేసేటప్పుడు లెక్క చూసే బుద్ధీ పెరిగింది.

మొన్న ఫిబ్రవరిలో ఛువానా లారీ
లోయలో పడింది.
పూడ్చి వచ్చిన మూడో రోజు
బియ్యంలో చెయ్యి పెట్టాను.
పిడికిలి మూసుకోలేదు.
ఎంతసేపు నిలబడ్డానో, ఎసరు సగం ఇగిరిపోయింది.
దేవుడితో చాలా మాట్లాడాను, అన్నీ రాయదగ్గవి కావు.
చివరికి రెండు వేళ్ళతో
దొరికినన్ని గింజలు.
డబ్బా అడుగున టిక్కుమన్నాయి.

కా లోమ్ ఎ, అన్నాను.
వాడు పోయినందుకు కాదు.

సంతోషం ఇంకా ఎక్కడో
కింది మలుపులో ఆయాసపడుతోంది.
తలుపు వెయ్యలేదు.