ఏడో చెక్క

సాయంత్రం నాలుగున్నరకి
సఖినేటిపల్లి పంటు దిగిన జనం
తడి చెప్పులతో బజార్లోకి వస్తారు.
వాళ్ల వెనకే నేనూ,
చంకన సంచీ, చేతిలో పిగ్మీ పుస్తకం.

మా నరసాపురం పెద్దబజారు పొడవెంతో
మునిసిపాలిటీ వాళ్లు మీటర్లలో చెబుతారేమో.
నాకైతే ముప్పైతొమ్మిది కొట్లు,
రెండు టీలు, ఒక గ్లాసు మంచినీళ్లు.
ఎండ నెత్తిన పడదు.
ఒక చూరు వదిలేలోపు ఇంకో చూరు అందుకుంటుంది.

వలల కొట్టు సత్యలింగం గారు యాభై.
నైలాను తాడు మూరేస్తూనే
మోచేత్తో గల్లాపెట్టె నావైపు తోస్తారు.
లేసు కొట్టు మేరీరత్నం ఇరవై.
క్రోషియా సూది పళ్ల మధ్య పట్టుకుని
నిన్నటిదీ కలిపి రాసుకోమంటుంది, కళ్లతోనే.
వాచీల ఖాజా మొహిద్దీన్ గారు పది.
కంటికున్న భూతద్దం తీయరు,
తొమ్మిదేళ్లయినా
ఆయన కుడికన్ను ఎలా ఉంటుందో నాకు తెలీదు.
సోడాల బుల్లెబ్బాయి మాత్రం
"రేప్రండి, ఆయ్" అంటాడు.
ఆ రేపు కోసం రోజూ వెళతాను.

ఇక్కడ అయిదొందల నోటు
చిల్లర కోసం వీధి దాటుతుంది,
మందుల కొట్లో లేదనిపించుకుని
నాలుగు గుమ్మాలు తిరిగి
బెల్లం వాసనతో వెనక్కొస్తుంది.

పోయిన వేసంగిలో బైపాసు పడింది.
ముందు ఇనుప సామాన్ల వాళ్లు వెళ్లారు,
తర్వాత బట్టల కొట్టు, లిఫ్టు పెట్టుకుని.
వసూలుకని నేనూ వెళ్లానొకసారి.
ఒక షోరూముకీ ఇంకో షోరూముకీ మధ్య
రొయ్యల చెరువు.
లారీ పోతే పైట నా మాట వినలేదు.
అద్దం తలుపు దగ్గర వాచ్‌మన్ అడిగాడు,
"బండెక్కడ పెట్టారండీ?"
నడిచొచ్చానన్నాను.
నా వెనక్కి చూశాడు, బండి కోసమే.

సత్యలింగం గారి కొట్టుకి పదకొండు తలుపు చెక్కలు.
తాతగారు తారుతో అంకెలేయించారు.
ఎనభయ్యారు వరదకి ఏడోది కొట్టుకుపోతే
కొత్తది చేయించారు, అంకె వేయలేదు.
అంకె లేనిదే ఏడు.
పనికి కుదిరిన ఏ కుర్రాడైనా
మొదట నేర్చుకునేది అదే.

ఆ రాత్రి చెక్కలు ఆయనే పెట్టారు.
"కనకవల్లీ, రేపట్నించీ ఫోన్లో కొట్టేస్తానమ్మా,
నువ్వింక నడవక్కర్లేదు."
మంచికే అన్నారు.
అందుకే ఏమీ అనలేకపోయాను.
ఆరో చెక్క తర్వాత ఆయన చెయ్యి
గాల్లో తడుముకుంది.
గోడకానించిన ఏడోది నేనే అందించాను.
ఇన్నేళ్లూ చూడ్డమే.
ఇంత బరువుంటుందనుకోలేదు.

ఇవాళ ముప్పైఎనిమిది కొట్లే.
కాళ్లు మాత్రం అక్కడ ఆగాయి.
నాకంటే ముందే ఒకాయన నిలబడి ఉన్నాడు,
భుజాన చిరిగిన వల, దాన్నిండా ఏటి వాసన.
"వలతాడు ఇంకెక్కడ దొరుకుద్దండీ?"
బైపాసు మీదన్నాను.
"నడిచెళ్లొచ్చా?"
పుస్తకంలో పేజీ తిప్పాను, ఊరికే.

ఎదురు గుమ్మంలోంచి మేరీరత్నం
పళ్ల మధ్య సూది తీసి కేకేసింది.
అంత గొంతుందని ఇన్నాళ్లూ తెలీదు.
"ఇటు రండి, దారం నా దగ్గరుంది!"

లేసు దారంతో వల నిలుస్తుందో లేదో.
ఆయనైతే వీధి దాటి
మెట్టెక్కాడు.